వాడిన కాఫీ మిషను

“ఎవరో వాడి వదిలేసినదాన్ని ఎదురు డబ్బిచ్చి తెచ్చుకుంటానంటావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది,” అన్నాడు భర్త, పేపరు దించకుండానే.

ఆమె పాలగిన్నె తోముతోంది. అడుగున అంటుకున్న మాడును పీచుతో రుద్దుతూ, వినిపించనట్టే ఉండిపోయింది. వినిపించలేదనుకుంటే అతను మళ్ళీ అంటాడు. రెండోసారి అనేటప్పుడు మాటకి పదును తగ్గుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్న ఉపాయాల్లో అదొకటి.

“కాఫీకి మిషనేంటమ్మాయ్, చేతుల్లేవా?” అన్నారు హాల్లోంచి అత్తగారు. ఆవిడ మాటలో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగారు.

చేతులున్నాయి కాబట్టే ఆ ఇంట్లో పొద్దున్నే అన్ని రకాల కాఫీలు తయారవుతున్నాయి. ఆయనకి పొగలు కక్కుతూ, చక్కెర తగిలీ తగలనట్టుండాలి. అత్తగారికి పాలు ఎక్కువ, వేడి తక్కువ. నాలిక చురుక్కుమందంటే ఆ పూటంతా అదే ముచ్చట. ఆయన స్నానం చేసొచ్చాక ఇంకోసారి, ఈసారి కాస్త చిక్కగా. మందులు మింగాక నోరు చేదుగా ఉందని అత్తగారికి మరో అరగ్లాసు. ఇవన్నీ అయ్యాక గిన్నెలో మిగిలింది, మీగడ తేలి చల్లారిపోయింది, ఆమె వాటా. దాన్నైనా సింకు దగ్గర నిలబడే తాగాలి. సగంలో ఎవరో ఒకరు పిలుస్తారు. తనకి కాఫీ ఎలా ఉంటే ఇష్టమని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. సూది గుచ్చితే తెలియనే తెలియదని అక్కడికొచ్చేవాళ్ళు ఆమెకి ‘మెత్తచెయ్యమ్మ’ అని పేరు పెట్టుకున్నారు. చంటిపిల్లల తల్లులు ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వచ్చేవాళ్ళు. కానీ మేనేజరుకి ఆ చేతిలో కనిపించింది వేరే. పెద్ద డాక్టర్లెవరైనా వస్తే సరాసరి ఆమె దగ్గరికే వచ్చేవాడు. “మీ చేతి కాఫీ బాగుంటుందమ్మా, ఒక రెండు కప్పులు...” అనేవాడు నవ్వుతూ. పక్క బల్ల దగ్గర ఆమెకన్నా చాలా వెనక చేరిన కుర్ర టెక్నీషియను ఉన్నాడు. అతన్ని ఎప్పుడూ అడగలేదు. అతనికి కాఫీ పెట్టడం రాదట. రాదు అన్న రెండక్షరాలతో ఆ పని అతని జోలికి రాలేదు. ఆమె చేతి తొడుగులు తీసేసి, వంటగది అని పిలిచే ఆ ఇరుకు మూలకి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ తొడుగులు వేసుకునేసరికి బయట బెంచీమీద వాళ్ళు విసుక్కుంటూ ఉండేవాళ్ళు. ఆ విసుగు కూడా ఆమె ఖాతాలోకే.

ల్యాబుకి ఎదురుగా కొన్నాళ్ళు ఒక చిన్న కాఫీ కొట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం, ఒక పసివాడి రిపోర్టు చూసి మనసు పాడై, ఎక్కడికైనా కాసేపు పోవాలనిపించి రోడ్డు దాటి అందులోకి వెళ్ళింది. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి, “మీకెలా ఉండాలండీ?” అని అడిగింది. ఆమె తెల్లమొహం వేసింది. ఆ అమ్మాయే నవ్వి, మిషను పిడి తిప్పి బిగించి, బొట్టుబొట్టుగా దిగిన నల్లటి కాఫీని బొమ్మకప్పంత కప్పులో పెట్టి ఇచ్చింది. పైన తేనెరంగు నురగ. మొదటి గుక్క చేదుకి కళ్ళు మూతలు పడ్డాయి. రెండో గుక్కకి ఆ చేదు వెనక ఇంకేదో ఉందనిపించింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తాగింది. కూర్చుని! ఆ కాసేపూ ఆమెను ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత కుదిరినప్పుడల్లా వెళ్ళేది. తనకి పాలు వద్దని, చక్కెర వద్దని, కప్పు ముందుగా వేడిచేసి ఉంటే బాగుంటుందని మెల్లమెల్లగా తెలుసుకుంది. పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన పిల్లలున్న వయసులో ఒక మనిషి తన నాలికతో తాను పరిచయం చేసుకుంది.

ఆ కొట్టు మూతపడి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వచ్చినప్పుడు, అయినవాళ్ళెవరో ఊరు వదిలి వెళ్ళిపోయినట్టు బాధపడింది. ఆ బాధ ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు. అప్పుడే, ఇంట్లోనే అలాంటిది పెట్టుకుంటేనో అన్న ఆలోచన వచ్చింది. కొత్తది కొనే స్తోమత లేదు. జీతం ఎప్పుడూ వచ్చిన దారినే ఇంటి అప్పు వాయిదాకీ, అత్తగారి మందులకీ పోతుంది. ఆదివారాలు ఎక్కువ డ్యూటీలు చేసి వెనకేసుకున్న కొద్దిపాటి సొమ్ముంది. దానికి పాతదే గతి. ఫోనులో పాత సామాన్ల ప్రకటనలు వెతకడం మొదలుపెట్టింది. కొన్ని తుప్పు పట్టినవి, కొన్ని ఆవిరి గొట్టం విరిగినవి. కొన్ని ఆమె ఫోను చేసేలోపే అమ్ముడైపోయేవి.

చివరికి ఒకటి దొరికింది. ఫొటోలో నిగనిగలాడుతోంది. ఎవరో ప్రేమగా తుడిచి పెట్టినట్టుంది. ఫోను చేస్తే మగగొంతు పలికింది.

“మీవారితో మాట్లాడించండమ్మా. ధర సంగతులు ఆయనతో అయితే తేలిగ్గా తేలిపోతాయి.”

అలా ఆ బేరం ఆమె చేతుల్లోంచి జారి భర్త చేతుల్లో పడింది. అసలు వద్దన్నవాడు, బేరమనగానే హుషారయ్యాడు. బీమా ఆఫీసులో పనిచేసే అతనికి తనను ఎవరూ మోసం చేయలేరన్న ధీమా జాస్తి. “నువ్వు నోరు తెరవకు. నచ్చినట్టు మొహం పెట్టకు. మిగతాది నేను చూసుకుంటా,” అని దారిపొడుగునా పాఠం చెప్పాడు. ఆమె తలూపింది. సంచీలో డబ్బున్న కవరు ఆమె ఒళ్ళోనే ఉంది.

అమ్మే ఆయన ఇళ్ళ బేరాలు కుదిర్చే మనిషి. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, ఒక చెవిదగ్గర ఫోను పట్టుకునే తలుపు తీశాడు. “రండి సార్, రండి,” అన్నాడు ఆమె భర్తతో. ఆమె వైపు చూడలేదు. హాల్లో గోడల మీద మేకులున్నాయి గానీ పటాలు లేవు. ఒక మూల బట్టలు కుట్టే మిషను ఉండాల్సిన చోట దాని పాదాల గుర్తులు మాత్రం నేలమీద ఉన్నాయి.

కాఫీ మిషను వంటగది గట్టుమీద, కిటికీ పక్కన ఉంది. దాని పక్కన మెత్తటి గుడ్డ మడతపెట్టి ఉంది, చిన్న కుంచె ఉంది, రెండు బొమ్మకప్పులు బోర్లించి ఉన్నాయి. ఆమె గుండె ఒక్కసారి జల్లుమంది. నచ్చినట్టు మొహం పెట్టకూడదని గుర్తుచేసుకుంది.

“బ్రహ్మాండంగా పనిచేస్తుంది సార్. వాడేవాళ్ళు లేక అమ్మేస్తున్నాం,” అన్నాడు కళ్ళజోడాయన. మీట ఎక్కడుందో వెతికి, దొరక్క, లోపలి గది వైపు కేకేశాడు. “ఏయ్, ఇలా రా. ఒకసారి చేసి చూపించు వీళ్ళకి.”

ఒక ఇల్లాలు వచ్చింది. ముప్పై దాటి ఉండవు. తడి చేతులు పైటకి తుడుచుకుంటూ, ఎవరివైపూ చూడకుండా గట్టు దగ్గరికి వెళ్ళింది. వెతకనవసరం లేకుండా వేలు మీటమీద పడింది. డబ్బాలోంచి పొడి తీసింది, పిడి ఉన్న గిన్నెలో నింపింది, అంచు వేలితో గీసి చదునుచేసింది, మణికట్టు తిన్నగా ఉంచి అదిమింది. ఆమె కళ్ళప్పగించి చూస్తోంది. సూది పట్టే చేతిని చూస్తే ఆ చేతికి పని వచ్చో రాదో ఆమెకి చెప్పనక్కర్లేదు. ఈ చేయి ఆ మిషనుతో పొద్దున్నే పొద్దున్నే మాట్లాడుకున్న చేయి. వాడేవాళ్ళు లేరన్న మాట అబద్ధం.

ఆ ఇల్లాలు గిన్నెను మిషను కిందికి తెచ్చి పిడి తిప్పింది. సగానికి తిప్పి ఆపేసింది.

ఆమెకి కనిపించింది. ఎదుటి కొట్టులో అమ్మాయి పిడిని తనవైపు వచ్చేదాకా తిప్పేది. ఇంకాస్త బిగించాలి. ఈ చేతికి ఆ సంగతి తెలియకపోవడం జరగదు. అయినా ఆపేసింది.

మీట నొక్కగానే మిషను గుర్రుమంది. అంచుల్లోంచి నల్లనీళ్ళు చిమ్మి గట్టంతా పాకి, కళ్ళజోడాయన చొక్కామీద పడ్డాయి.

“చూశావా, లీకు!” అన్నాడు భర్త, గెలిచినట్టు.

“నిన్నటిదాకా బాగానే ఉంది సార్. ఏం చేశావే దీన్ని?” కళ్ళజోడాయన గొంతు మారింది. మీదమీదకి ఒక అడుగు వేశాడు. అతిథులున్నారని గుర్తొచ్చి ఆగాడు. ఆ ఇల్లాలు వెనక్కి జరగలేదు, భుజాలు మాత్రం దగ్గరికి ముడుచుకుంది. ఆ ముడుచుకోవడం అలవాటున్న ముడుచుకోవడం. రక్తం తీయించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు కొందరు అలాగే ముడుచుకుంటారు, సూదికి కాదు, పక్కనున్న మనిషికి.

ఇంకాస్త బిగించండి. ఆ మాట ఆమె నాలిక చివర ఉంది. ఆ మాట అంటే మిషను తనదైపోతుంది. ఇన్ని ఆదివారాలుగా ఎదురుచూసింది రేపు పొద్దున్నకి తన ఇంట్లో ఉంటుంది. భర్త ముందు తనకీ కొంత తెలుసని రుజువవుతుంది. ఆ ఇల్లాలు అప్పుడే తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. బతిమాలే చూపు కాదది. నీకు తెలిసిపోయింది కదా, ఏం చేస్తావో చెయ్యి అన్నట్టుంది.

“లోపలి రబ్బరు పోయినట్టుందండీ,” అంది ఆమె. “మనకొద్దు, పదండి.”

ఇంటికెళ్ళేదాకా భర్త గొప్పలు ఆగలేదు. “నేను రాకపోయుంటే ఆ డొక్కుదాన్ని నెత్తిన పెట్టేవాడు. మీ ఆడవాళ్ళు మెరుపు చూసి పడిపోతారు.” ఇంటికి రాగానే అత్తగారికి చెప్పాడు. ఫోనులో చెల్లెలికి చెప్పాడు. చెల్లెలు అటునుంచి నవ్వి, “వదినకి కాఫీ పిచ్చి పట్టిందేంటి అన్నయ్యా,” అనడం గది అవతలికి వినిపించింది. మర్నాడు ఆఫీసులో కూడా చెప్పి ఉంటాడు. ప్రతి చెప్పడంలోనూ ఆ చిమ్మిన నీళ్ళు ఇంకాస్త ఎక్కువయ్యేవి, ఆమె ఇంకాస్త అమాయకురాలయ్యేది. ఆమె కాదనలేదు. తను చెప్పిన అబద్ధాన్ని అతను తన తెలివిగా మార్చుకుని ఊరంతా పంచుతుంటే, కూరగాయలు తరుగుతూ వింది. లోపల మాత్రం కుతకుతలాడిపోయింది. అబద్ధం చెప్పింది ఆ ఇల్లాలి కోసం. దాని ఖరీదు మాత్రం తన ఇంట్లో, తనవాళ్ళ మధ్య, పూటపూటా చెల్లించాలి. పోనీ ఆ పిల్లకైనా మేలు జరిగిందా? ఆ రోజు తాము తలుపు దాటాక ఆ వంటగదిలో ఏమైంది? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కత్తి ఆగిపోయేది.

ఆ వారం ల్యాబులో, తెరవెనక కుర్చీలో కూర్చున్న మనిషి చేయి చాపి, “నెమ్మదిగా తీస్తారని విన్నానక్కా,” అంది. తలెత్తి చూస్తే ఆ ఇల్లాలు. చేతిలో డాక్టరు రాసిన చీటీ. నీరసం, రక్తం తక్కువ.

“ఆ రోజు మీ సంచీమీద ఈ ల్యాబు పేరు చూశా. గుర్తుపెట్టుకున్నా.”

ఆమె జబ్బకి పట్టీ కట్టింది. నరం వెతుకుతూ ముంజేతిమీద వేళ్ళు జరిపితే, మాసిపోతున్న పసుపుపచ్చ మచ్చ కనిపించింది. దాన్ని తప్పించి సూది దింపింది.

“అది లీకు కాదని మీకు తెలుసు కదా?”

“తెలుసు.”

“మరెందుకు చెప్పలేదు?”

“నువ్వెందుకు బిగించలేదో తెలియదు కాబట్టి.” ‘మీరు’ అనాల్సింది, ‘నువ్వు’ వచ్చేసింది. ఆ పిల్ల మొహం కాస్త తేలికపడింది.

గొట్టంలోకి రక్తం దిగుతుంటే, దాన్నే చూస్తూ చెప్పింది. బేకరీలో పనిచేసేటప్పుడు తన జీతంతో కొనుక్కున్న మిషను అది. అదీ ఎవరో వాడినదే. పెళ్ళయ్యాక బేకరీ మానిపించాడు. తర్వాత సైకిలు అమ్మేశాడు, ఎక్కడికి వెళ్తావు కనక అని. కుట్టు మిషను అమ్మేశాడు, ఎవరికి కుడతావు కనక అని. పటాలు కూడా తీసేశాడు, వాటిలో తనతోపాటు పనిచేసినవాళ్ళు ఉన్నారని. “ఇల్లు ఖాళీ అవుతుంటే నేనూ కొంచెం కొంచెం ఖాళీ అవుతున్నానక్కా. కాఫీ మిషను దగ్గర మాత్రం మొండికెత్తాను. నోటితో కాదులెండి. ఎవరొచ్చినా సగమే బిగించా.”

“ఆ రోజు మేం వెళ్ళాక?”

ఆ పిల్ల భుజం ఎగరేసింది. పసుపుపచ్చ మచ్చే జవాబు.

“ఈ ఆదివారం ఒక మెకానిక్కును రమ్మన్నాడు. ఆయన చూస్తే నా నాటకం ఇట్టే తెలిసిపోతుంది. ఎలాగూ ఆయనకే అమ్మేస్తాడు. ఆయన దాన్ని విప్పి ముక్కలుగా అమ్ముకుంటాడట.” చూపు గొట్టంమీంచి ఎత్తింది. “మీరు తీసుకోండక్కా. ఆలోపే వచ్చి తీసుకోండి.”

“నీది నేనెలా తీసుకోను?”

“నాకెలాగూ ఉండదు. మీరు దాన్ని చూసిన చూపు నేను చూశా. కొనుక్కోండి, వాడుకోండి. ఎప్పుడైనా నా చేతిలో డబ్బాడితే, నాకే అమ్మండి. అంతవరకూ ఇంకెవరికీ ఇవ్వనని చెప్పండి చాలు.”

ఆమె సూది తీసి, దూది అదిమి పట్టింది. రక్తం ఆగిపోయాక కూడా చాలాసేపు వదల్లేదు. ఇతరుల ఇష్టాలు, వేళలు, నాలికలు గుర్తుపెట్టుకోవడంలోనే గడిచిపోయిన బతుకు. ఇప్పుడు తన ఇష్టం ఇంకొకరి ఇష్టాన్ని తొక్కుకుంటూ తన దగ్గరికి రాబోతోందా అని భయమేసింది. కొనకపోతే అది ముక్కలవుతుంది. కొంటే, ఈ పిల్ల మొగుడి చేతిలో తన డబ్బే పడుతుంది. దారులు రెండూ బాగాలేవు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి ఫలానాది కావాలని నోరు తెరిచి అడుగుతోంది. అలా అడగడానికి ఎంత కూడగట్టుకోవాలో ఆమెకన్నా తెలిసినవాళ్ళు లేరు.

“ఇవ్వను. ఇంకెవరికీ,” అంది.

శుక్రవారం మధ్యాహ్నం సెలవడిగితే మేనేజరు, “ఇవాళ పెద్దాయన వస్తున్నారమ్మా, కాఫీ...” అని నసిగాడు.

“నాకు రాదండీ,” అంది ఆమె, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

కళ్ళజోడాయన తలుపు తీసి, ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెడ సాచి చూశాడు. “మీవారు రాలేదా?”

“ఆయన నల్లకాఫీ తాగరండీ. తాగేది నేను.”

“ఆయన వద్దన్నారుగా.”

“నేను తీసుకుంటానంటున్నాను.”

అతనికి ఆశ కలిగిందని మొహంలోనే తెలిసింది. ఆశతోపాటు లెక్కా వచ్చింది. అప్పుడు చెప్పిన ధర అప్పటిదని, ఇప్పుడు ఇంకాస్త అవుతుందని అన్నాడు.

“లీకయ్యే మిషనుకి ధర పెరుగుతుందాండీ?” అంది ఆమె. వంటగది గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు చటుక్కున తల దించుకుంది. దించుకునేలోపు పెదవి చివర కదలడం ఆమె చూసింది.

అతను కంగుతిన్నాడు. కంగుతిన్నవాడు ఊరుకోలేదు. “ఎందుకైనా మంచిది, సార్‌ని ఒక మాట అడుగుదాం. రేపు మా ఇంటిమీదకి గొడవకి రాకూడదు కదా,” అంటూ ఫోను తీశాడు. అందరికీ వినబడేట్టు స్పీకరు నొక్కి, బల్లమీద పెట్టాడు.

“ఆవిడా? మీ ఇంట్లోనా?” భర్త గొంతు ఆ చిన్న పెట్టెలోంచి కీచుగా వచ్చింది. “ఆవిడ మాట పట్టించుకోకండి సార్. ఆవిడకేం తెలీదు. నేను వద్దన్నాక మళ్ళీ రావడమేంటి? ఫోను ఆవిడకివ్వండి.”

“వింటున్నాను. ఇక్కడే ఉన్నాను,” అంది ఆమె.

“మతి ఉందా నీకు? అది పనికిరాదని ఊరంతా చెప్పాను. ఇప్పుడు దాన్నే కొంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నడు ఇంటికి.”

అతని భయం అదన్నమాట. మిషను మంచిదో చెడ్డదో, ఆమెకి కావాలో వద్దో ఆ భయంలో ఎక్కడా లేదు. ఆమెకి ఒళ్ళు చల్లబడి, అంతలోనే కుదుటపడింది. సూది గుచ్చే ముందు క్షణంలో చేతికి వచ్చే నిలకడ అది.

“వస్తాను. మిషను తీసుకునే వస్తాను.”

“అది నా గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు. చెప్తున్నా.”

ఫోను ఆగిపోయింది. కళ్ళజోడాయన ఇప్పుడేమంటావన్నట్టు చూశాడు. ఆమె కవరు తీసి బల్లమీద పెట్టింది. మొదట చెప్పినంత ఉందని, అంతకు మించి ఇచ్చేది లేదని అంది. కవరు వంక చూసి, కిటికీ వంక చూసి, చివరికి అతను కవరు అందుకున్నాడు.

“వాపసు తెస్తే తీసుకోను.”

“తేను.”

కింద టాక్సీ ఆగి ఉంది. మిషను చూడ్డానికి చిన్నదే గానీ ఇనుపగుండులా ఉంది. కళ్ళజోడాయనకి ఇంకో ఫోను వచ్చింది. ఏదో ఇంటి అద్దె గురించి గట్టిగా మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆ ఇల్లాలు వచ్చి రెండోవైపు పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. ఒకరు ముందు, ఒకరు వెనక. “నెమ్మదక్కా, నీళ్ళతొట్టి వైపు వంచొద్దు,” అని ఆ పిల్ల అంటుంటే, ఆమె ఆ మాట ప్రకారం చేతులు మార్చుకుంటూ దిగింది. పైమెట్టుమీద వినిపించిన అతని గొంతు కింది మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒట్టి రొద అయింది.

మిషనును వెనక సీట్లో పెట్టారు. ఆమె ఒక పక్కన కూర్చుంది. బయట నిలబడ్డ ఇల్లాలు గుడ్డతో మిషను అంచు తుడిచింది. తుడవడం అయ్యాక కూడా తుడుస్తోంది.

“దీనికి పొడి ఎంత సన్నగా ఉండాలో చెప్పలేదు నేను,” అంది.

“చెప్పు.”

“చెప్తే రాదక్కా. చూపించాలి.”

ఆమె ఆ పిల్ల పాదాలవైపు చూసింది. ఇంట్లో తొడుక్కునే అరిగిన రబ్బరు చెప్పులు. చేతిలో గుడ్డ తప్ప ఏమీ లేదు. ఆమె చేయి చాపి మిషను రెండోవైపు తలుపు తెరిచింది.

ఆ పిల్ల ఎక్కి కూర్చుంది. తలుపు తనే వేసుకుంది. పైనుంచి, “ఏయ్! ఎక్కడికి?” అని కేక వినిపించింది. బాల్కనీ కమ్మీమీంచి అతను వంగి చూస్తున్నాడు, చెవికి ఇంకా ఫోను. ఆ పిల్ల తలెత్తలేదు. “పోనివ్వండి,” అంది డ్రైవరుతో.

రెండు వీధులు దాటారు. మలుపు దగ్గర మిషను ఒరిగితే ఇద్దరి చేతులూ ఒక్కసారే దానిమీద పడ్డాయి.

“మళ్ళీ వెళ్తానో లేదో ఇంకా అనుకోలేదు,” అంది ఆ పిల్ల, ముందుకే చూస్తూ. “సాయంత్రందాకా అడక్కండక్కా.”

“అడగను.”

సాయంత్రం ఆ కళ్ళజోడు మనిషి వెతుక్కుంటూ వస్తాడు. వస్తే ఏం చెప్పాలో తెలియదు. అత్తగారు ఎలా చూస్తారో తెలియదు. గడప దాటనివ్వనన్న మనిషి ఈపాటికి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. ఆ గడపకి అప్పు వాయిదా తన జీతంలోంచి కూడా పోతోందన్న సంగతి అతనికి ఎప్పుడూ గుర్తు రాలేదు. ఆమెకీ రాలేదు, ఇవాళ్టిదాకా.

ఒళ్ళో ఫోను మోగింది. భర్తే. పక్కనున్న పిల్ల బిగుసుకుపోయింది. ఆమె ఫోను చెవిదగ్గర పెట్టుకుంది. అటువైపు కేకలు మొదలయ్యాయి. ఎక్కడున్నావు, ఎవరనుకుంటున్నావు, తలుపేసేస్తున్నా అని. అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగేదాకా ఆగింది.

“తలుపు తీసి పెట్టండి,” అంది. “చాలా బరువుగా ఉంది. మేమిద్దరం వస్తున్నాం.”